న్యాట్ దాటి మాట, బొమ్మ: ముప్పై ఏళ్ల పరిష్కారాల సమీక్ష

వాట్సాప్‌లో పంపిన మెసేజ్ కన్ను మూసి తెరిచేలోగా చేరుతుంది. అదే ఫోన్ నుంచి వీడియో కాల్ చేస్తే ఒక్కోసారి "కనెక్ట్ అవుతోంది" దగ్గరే ఆగిపోతుంది. గేటు మీద పెట్టించుకున్న సీసీ కెమెరా ఇంటి వైఫైలో శుభ్రంగా కనిపిస్తుంది, ఊరు దాటితే తెర నల్లబడుతుంది. సినిమా మాత్రం ఎక్కడున్నా ఆడుతుంది. నెట్ ఒకటే, ఫోన్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? స్పీడు చాలడం లేదని అందరూ అనుకుంటారు. చాలా సందర్భాల్లో అసలు కారణం ఇంటి రౌటర్‌లోనో, నెట్ కంపెనీ యంత్రాల్లోనో జరిగే అడ్రస్ మార్పిడి. దాని పూర్తి పేరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్. ఈ రంగంలో పనిచేసేవాళ్లు న్యాట్ అంటారు.

న్యాట్‌ను దాటడానికి గడచిన ముప్పై ఏళ్లలో ఎన్నో మార్గాలు వచ్చాయి. వాటిని విడివిడిగా వివరించే పాఠాలకు కొదవ లేదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం ఒక సంగతి తేటపడుతుంది. చాటింగ్, స్ట్రీమింగ్ ఈ సమస్యను గెలవలేదు, దాని నుంచి తప్పుకున్నాయి. ఇద్దరి మధ్య నేరుగా దారి ఉండాలన్న పట్టుదల వదిలి, మధ్యలో ఒక కంపెనీ సర్వర్‌ను ఒప్పుకున్నాయి. ఈ మూడిటిలో నిజంగా పోరాడి దారి తెరిచింది కాలింగ్ ఒక్కటే. ఆ పోరాటంలో ఎంత నేర్పు ఉందో, తప్పుకోవడంలో ఎంత పోగొట్టుకున్నామో మన దగ్గర తగినంతగా చర్చకు రాలేదు.

తాత్కాలికంగా వచ్చి

ఐపీవీ4 అడ్రస్ 32 బిట్ల సంఖ్య. మొత్తం కలిపినా దాదాపు 430 కోట్లు. ప్రపంచానికి ఇవి చాలవని 1990ల ఆరంభంలోనే తేలిపోయింది. అసలు మందు సిద్ధమయ్యేలోగా ఉపశమనం కోసం కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం రాశారు. ఒక సంస్థ లోపలి కంప్యూటర్లన్నీ సొంత అడ్రస్‌లు వాడుకుంటాయి, బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరి రౌటర్ వాటిని బయటి అడ్రస్‌గా మారుస్తుంది. దీన్ని స్వల్పకాలిక పరిష్కారంగానే వాళ్లు ప్రతిపాదించారు. ఐపీ అడ్రస్‌ను తమ సందేశం లోపల రాసి పంపే అప్లికేషన్లు దీనితో పనిచేయవని కూడా ఆ పత్రంలోనే హెచ్చరించారు. ఇంత నిజాయతీగా మొదలైన పద్ధతి 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 తో స్థిరపడింది. మన ఇళ్లలో కనిపించే 192.168 అడ్రస్‌లు, ఆఫీసుల్లో కనిపించే 10 తో మొదలయ్యే అడ్రస్‌లు అందులో కేటాయించినవే.

రౌటర్‌లో ఒక పట్టిక ఉంటుంది. లోపలి నుంచి ప్యాకెట్ బయటికి పోతే అందులో ఒక వరుస రాసుకుంటుంది: లోపలి ఫలానా అడ్రస్, ఫలానా పోర్ట్ అంటే బయట ఫలానా పోర్ట్. బయటి నుంచి జవాబు వస్తే ఆ వరుస చూసి లోపలికి పంపుతుంది. వరుస లేకుండా వచ్చిన ప్యాకెట్‌ను పారేస్తుంది. దీనివల్ల రెండు ఇబ్బందులు పుట్టాయి. ఒకటి, లోపలివాళ్లు బయటివాళ్లను పలకరించగలరు గానీ బయటివాళ్లు లోపలివాళ్లను ముందుగా పలకరించలేరు. రెండోది, రౌటర్ మార్చేది ప్యాకెట్ పైనున్న అడ్రస్‌ను మాత్రమే. పోస్టాఫీసువాళ్లు కవరు మీద చిరునామా దిద్ది పంపినా, లోపలి ఉత్తరంలో "జవాబు ఈ చిరునామాకు రాయండి" అని పాత చిరునామా ఉంటే జవాబు దారి తప్పినట్టే అన్నమాట.

వెబ్ పేజీలు చూడటానికి ఈ రెండు ఇబ్బందులూ అడ్డురావు. బ్రౌజరే ముందు అడుగుతుంది, వచ్చిన దారినే జవాబు వస్తుంది. అందుకే న్యాట్ వచ్చినప్పుడు ఎవరికీ ఏమీ పోయినట్టు అనిపించలేదు. పోయిందేమిటో మెసేజింగ్, స్ట్రీమింగ్ వచ్చాకే తెలిసింది.

ఐఆర్‌సీ చాట్‌లో ఇద్దరు నేరుగా ఫైలు పంపుకోవడానికి డీసీసీ అనే పద్ధతి ఉండేది. పంపేవారి అడ్రస్‌ను ఒకే పెద్ద సంఖ్యగా మార్చి మెసేజ్‌లో పెడుతుంది. లోపలి అడ్రస్ 192.168.1.5 అయితే అవతలికి చేరేది 3232235781. అవతలి కంప్యూటర్ ఆ సంఖ్యను తిరిగి అడ్రస్‌గా మార్చి కనెక్ట్ కావాలని చూస్తుంది. ఆ అడ్రస్ బయటి ప్రపంచంలో ఎక్కడా లేదు, ఉంటే తన ఇంట్లోనే ఇంకో యంత్రానిది. 1996లో వచ్చిన ఐసీక్యూ, తర్వాత వచ్చిన యాహూ మెసెంజర్, ఎంఎస్‌ఎన్ మెసెంజర్ల పరిస్థితీ ఇదే. మాటలు సర్వర్ గుండా పోయేవి కాబట్టి బాగానే చేరేవి. ఫైలు పంపబోతేనో, వాయిస్ మొదలుపెట్టబోతేనో నిలిచిపోయేవి.

మన హైదరాబాద్, విజయవాడ, విశాఖ నెట్ సెంటర్లలో ఆ రోజుల్లో ఒకే కనెక్షన్‌ను అన్ని కంప్యూటర్లకూ పంచేవారు. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఆ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లోనే వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులకు "మీ మాట వినిపిస్తోంది, మా మాట వినిపిస్తోందా?" అన్న ప్రశ్న బాగా అలవాటు. ఒకవైపే వినిపించడం న్యాట్ తెచ్చే తొలి లక్షణం. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోన్‌కు చట్టబద్ధమైన అనుమతి 2002 ఏప్రిల్ 1న వచ్చింది. అనుమతి వచ్చిన రోజుకు దారి ఇంకా సగమే తెరుచుకుని ఉంది.

రౌటర్‌కు భాష నేర్పడం

తొలి పరిష్కారం సహజంగానే రౌటర్ వైపు నుంచి వచ్చింది. సందేశం లోపల అడ్రస్ ఉంటే దాన్ని కూడా దిద్దేలా రౌటర్‌కు ఆ అప్లికేషన్ భాష నేర్పాలి. దీన్ని అప్లికేషన్ లేయర్ గేట్‌వే, క్లుప్తంగా ఏఎల్‌జీ అంటారు. లినక్స్ మాస్కరేడింగ్ వాడినవాళ్లకు ఆ మాడ్యూళ్లు గుర్తుండే ఉంటాయి: ఎఫ్‌టీపీకి ఒకటి, ఐఆర్‌సీకి ఒకటి, రియల్‌ఆడియోకు ఒకటి, సీయూ-సీమీ వీడియోకు ఒకటి, చివరికి క్వేక్ ఆటకు ఒకటి.

చెప్పినంత తేలిక పని కాదిది. 192.168.1.5 అనే రాతలో 11 అక్షరాలు ఉన్నాయి. దాని స్థానంలో 203.0.113.20 రాస్తే 12 అవుతాయి. టీసీపీ ప్రతి బైట్‌నూ లెక్కపెట్టుకుంటూ పోతుంది కాబట్టి ఆ ఒక్క అక్షరం పెరిగిన క్షణం నుంచి, ఆ కనెక్షన్ ముగిసేదాకా రెండువైపులా లెక్కలన్నిటినీ రౌటర్ సవరిస్తూనే ఉండాలి. రాత రెండు ప్యాకెట్ల మధ్య విరిగిపోయి వస్తే ఇంకా కష్టం.

ఇంటర్నెట్ ఫోన్ ప్రమాణమైన సిప్ విషయంలో ఈ పద్ధతి బలహీనత పూర్తిగా బయటపడింది. సిప్ ఆహ్వానంలో "నాకు ఆడియోను ఫలానా అడ్రస్‌కు, ఫలానా పోర్ట్‌కు పంపు" అని రాసి ఉంటుంది. దాన్ని దిద్దకపోతే పిలిచినవారి మాట అవతల వినిపిస్తుంది, అవతలివారి మాట ఇవతల వినిపించదు. దిద్దబోయిన చవక రౌటర్లు సగం చోట్ల దిద్ది సగం వదిలేసి, పనిచేసే కాల్స్‌ను కూడా చెడగొట్టాయి. ఇప్పటికీ ఇంటర్నెట్ ఫోన్ సర్వీసువాళ్లు ఫిర్యాదు రాగానే చెప్పే మొదటి మాట "రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపేయండి" అనే. సందేశాలు ఎన్‌క్రిప్ట్ కావడం మొదలయ్యాక ఈ మార్గం దాదాపు మూసుకుపోయింది. చదవలేని రాతను దిద్దలేరు కదా. అది మూసుకుపోవడం మంచికే జరిగింది. మధ్యలోని యంత్రం మన సంభాషణ చదివి మార్చగలిగితేనే పనిచేసే వ్యవస్థను ఎవరూ కోరుకోకూడదు.

రెండో మార్గం రౌటర్‌ను అడగడం. "నాకోసం ఫలానా పోర్ట్ తెరిచి ఉంచు" అని అప్లికేషనే రౌటర్‌కు చెబుతుంది. యూపీఎన్‌పీ ఆ పని చేసింది, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన విండోస్ మెసెంజర్ దాన్ని వాడుకుంది. 2005లో యాపిల్ తన సొంత న్యాట్-పీఎంపీ తెచ్చింది. అది బాగా పెరిగి 2013లో పీసీపీ అనే ప్రమాణమైంది. ఆలోచన సరైనదే. అయితే యూపీఎన్‌పీలో అడిగేది ఎవరని విచారించే పద్ధతే లేదు. ఇంట్లోని ఏ పరికరం అడిగినా తలుపు తెరుచుకుంటుంది, ఆ పరికరంలో చేరిన వైరస్ అడిగినా సరే. 2013 జనవరిలో ర్యాపిడ్7 సంస్థ ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టినప్పుడు 8 కోట్లకు పైగా అడ్రస్‌ల నుంచి యూపీఎన్‌పీ జవాబులు వచ్చాయి. ఇంటి లోపల మాత్రమే వినిపించాల్సిన జవాబులవి.

స్ట్రీమింగ్ తప్పుకున్న తీరు

1995లో రియల్‌ఆడియో వచ్చింది. 1998 ఏప్రిల్‌లో ఆర్‌టీఎస్‌పీ ప్రమాణమైంది. పద్ధతి బాగా ఆలోచించి చేసిందే. ప్లే, పాజ్ లాంటి ఆదేశాలు ఒక కనెక్షన్ మీద, అసలు ఆడియో, వీడియో వేరే యూడీపీ పోర్ట్‌ల మీద నడుస్తాయి. ఒక ప్యాకెట్ పోతే దానికోసం ఆగకుండా బొమ్మ ముందుకు సాగడానికి ఆ ఏర్పాటు. న్యాట్ వెనుక ఏమవుతుందో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. ఆదేశం చేరుతుంది, సర్వర్ సినిమా పంపడం మొదలుపెడుతుంది, పట్టికలో వరుస లేనందున ఆ ప్యాకెట్లన్నీ గుమ్మంలోనే రాలిపోతాయి.

అందుకే రియల్‌ప్లేయర్ లాంటివి ముందు యూడీపీతో ప్రయత్నించి, కుదరకపోతే టీసీపీకి, అదీ కుదరకపోతే మామూలు వెబ్ పేజీలు వచ్చే హెచ్‌టీటీపీకి దిగేవి. ఆఖరి మెట్టుగా పెట్టుకున్న హెచ్‌టీటీపీయే చివరికి అసలు దారి అయింది. 2009లో యాపిల్ హెచ్‌ఎల్‌ఎస్, 2012లో డ్యాష్ ప్రమాణం వచ్చాయి. వీడియోను చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ఫైలులా బ్రౌజరే అడిగి తెచ్చుకుంటుంది. అడిగేది లోపలి నుంచే కాబట్టి న్యాట్‌తో పేచీ లేదు. పైగా మామూలు వెబ్ ఫైళ్లలాగే ఈ ముక్కలను ఊరూరా ఉన్న సర్వర్లలో నిల్వ పెట్టుకోవచ్చు. ఆ లాభం న్యాట్ కంటే కూడా పెద్ద కారణం.

దీనికి చెల్లించిన మూల్యం ఆలస్యం. హెచ్‌ఎల్‌ఎస్ తొలినాళ్లలో ఒక్కో ముక్క 10 సెకన్లు. మూడు ముక్కలు చేతిలో ఉంటే గానీ ఆట మొదలుపెట్టదు, అంటే అరనిమిషం వెనక. ఫోన్‌లో మ్యాచ్ చూస్తున్నవారికి బంతి పడకముందే పక్కింటి టీవీ నుంచి సిక్స్ కేకలు వినిపించడం అందరికీ తెలిసిందే. ముక్కలు చిన్నవి చేసి ఈ మధ్య ఆ దూరాన్ని బాగా తగ్గించారు. మొత్తం మీద, ఒకరు పంపి లక్షలమంది చూసే వీడియోకు ఇంతకంటే మంచి మార్గం లేదన్నది నా అభిప్రాయం. అక్కడ తప్పుకోవడమే సరైన నిర్ణయం.

చాటింగ్ విషయంలో అంత నిశ్చింతగా చెప్పలేను. అక్కడా దారి ఇదే: ఫోన్ నుంచి సర్వర్‌కు ఒక కనెక్షన్ తెరిచి ఎప్పుడూ మూయకుండా ఉంచడం. కానీ రౌటర్ పట్టికలోని వరుస ఊరికే ఉండదు, కొంతసేపు ప్యాకెట్ కదలకపోతే చెరిపేస్తుంది, చెరిపేసినట్టు ఎవరికీ చెప్పదు కూడా. లినక్స్‌లో జవాబు రాని యూడీపీ వరుసకు మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు. టీసీపీకి రెండు గంటల పైన ఉంచాలని 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5382 చెప్పినా, ఎన్నో యంత్రాలు నిమిషాల్లోనే తుడిచేస్తాయి. అప్పుడు ఫోన్ తను కనెక్ట్ అయ్యే ఉన్నాననుకుంటుంది, మెసేజ్ మాత్రం రాదు. తెర తెరవగానే అన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. దీన్ని తప్పించాలంటే నిమిష నిమిషానికీ ఖాళీ ప్యాకెట్ పంపాలి, ప్రతి యాప్ అలా పంపితే బ్యాటరీ నిలవదు. 2009లో యాపిల్, ఆ మరుసటి ఏడాది గూగుల్ తెచ్చిన పుష్ సర్వీసులు ఈ చిక్కుకు జవాబు: ఫోన్ మొత్తానికి ఒకే కనెక్షన్, దాన్ని ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిన కంపెనీ చూసుకుంటుంది. ఇంజినీరింగ్‌గా తిరుగులేదు. కానీ మన ఫోన్లలో ఏ యాప్‌కు ఎప్పుడు పిలుపు వచ్చిందో రెండు కంపెనీలకు తెలిసే ఏర్పాటు ఇది. ఈ సౌకర్యం వెనుక న్యాట్ గడువులకూ, బ్యాటరీకీ మధ్య జరిగిన రాజీ ఉందని యాప్‌లు రాసేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

కాల్ దారి తెరిచిన విధం

ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు అరనిమిషం ఆలస్యం కుదరదు. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను దాటితేనే ఒకరి మాట మీద ఒకరు పడతారు. అందుకే కాలింగ్‌కు నేరుగా ఉన్న దారి కావాలి, అందుకే ఈ రంగంలో అసలైన పని అక్కడ జరిగింది.

హనుమకొండలో తల్లి, డాలస్‌లో కొడుకు. ఇద్దరి ఫోన్లూ వైఫై మీద, ఇద్దరి ముందూ రౌటర్లు. తల్లి ఫోన్ అడ్రస్ 192.168.1.5, పోర్ట్ 5000. ముందుగా ఆ ఫోన్ బయట అందరికీ కనిపించే ఒక స్టన్ సర్వర్‌కు చిన్న ప్యాకెట్ పంపి "నేను నీకు ఎలా కనిపిస్తున్నాను?" అని అడుగుతుంది. "203.0.113.20, పోర్ట్ 40001" అని జవాబు. కొడుకు ఫోనూ అదే పని చేస్తుంది. తెలుసుకున్న బయటి అడ్రస్‌లను ఇద్దరూ మెసేజింగ్ సర్వర్ గుండా మార్చుకుంటారు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి ఒకరికొకరు ప్యాకెట్లు పంపడం మొదలుపెడతారు. తల్లి పంపిన మొదటి ప్యాకెట్ డాలస్ రౌటర్ దగ్గర పడిపోవచ్చు, అక్కడ ఆమె పేరిట వరుస లేదు. కానీ ఆ ప్యాకెట్ బయటికి వెళ్లేటప్పుడే హనుమకొండ రౌటర్‌లో కొడుకు అడ్రస్‌కు వరుస పడింది. కొడుకు పంపింది ఆ వరుస పట్టుకుని లోపలికి వస్తుంది. తల్లి పంపే రెండో ప్యాకెట్ కూడా అలాగే చేరుతుంది. దారి తెరుచుకుంది, సర్వర్ పక్కకు జరిగింది. దీనికి హోల్ పంచింగ్ అని పేరు. రెండు రౌటర్లలో ఏదీ సహకరించాలని అనుకోలేదు, అయినా రెండిటి నియమాలనూ పాటిస్తూనే పని జరిగింది. నాకు ఇంటర్నెట్ ఇంజినీరింగ్‌లో ఇంత అందమైన యుక్తి మరొకటి కనబడదు.

బ్రయన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ 2005లో యూస్‌నిక్స్ సభలో ప్రచురించిన పత్రం ఈ యుక్తిని పద్ధతిగా వివరించి, ఎన్ని రౌటర్లలో పనిచేస్తుందో కొలిచింది. యూడీపీకి 82 శాతం, టీసీపీకి 64 శాతం. మిగతావి ఎందుకు లొంగలేదు? అవి పంపే ప్రతి కొత్త గమ్యానికీ బయట కొత్త పోర్ట్ ఇస్తాయి. స్టన్ సర్వర్‌కు కనిపించిన 40001 కొడుకు ఫోన్‌కు పనికిరాదు, అతనికి పంపేటప్పుడు అది 40002 కావచ్చు, ఇంకేదో కావచ్చు.

ఇక్కడ మన కాలేజీ పాఠాల గురించి ఒక మాట. న్యాట్‌లు నాలుగు రకాలని, ఫుల్ కోన్, రెస్ట్రిక్టెడ్ కోన్, పోర్ట్ రెస్ట్రిక్టెడ్ కోన్, సిమెట్రిక్ అని ఇప్పటికీ చెబుతున్నారు. అది 2003 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 3489 లోని విభజన. నిజమైన రౌటర్లు ఆ నాలుగు గదుల్లో ఇమడవని, ఒకే రౌటర్ రద్దీని బట్టి తీరు మార్చుకుంటుందని తేలాక 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5389 ఆ విభజనను పక్కనపెట్టింది. అంతకుముందే 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4787 అడగాల్సినవి రెండు వేర్వేరు ప్రశ్నలని చెప్పింది: బయటి పోర్ట్‌ను ఎలా కేటాయిస్తుంది, లోపలికి ఎవరిని రానిస్తుంది. విద్యార్థులకు ఈ రెండు ప్రశ్నలు నేర్పితే చాలు.

అదే 5389 లో ఇంకో చిన్న మార్పు ఉంది. ప్యాకెట్ లోపల అడ్రస్‌లా కనిపించే ఏ అంకెలనైనా దిద్దేసే రౌటర్లు కొన్ని ఉండేవి. స్టన్ సర్వర్ "నీ బయటి అడ్రస్ ఇది" అని రాసి పంపితే అవి దాన్ని కూడా లోపలి అడ్రస్‌గా మార్చి ఇచ్చేవి. దాంతో అడ్రస్‌ను ఒక స్థిర సంఖ్యతో కలిపి మరుగుపరిచి పంపడం మొదలుపెట్టారు. ఏఎల్‌జీల పనితనం మీద ఇంతకంటే స్పష్టమైన తీర్పు అక్కర్లేదు.

దారి తెరుచుకోని ఆ కొద్దిమందికి రిలే తప్పదు. 2010లో ఖరారైన టర్న్ సర్వర్ ఇద్దరి ప్యాకెట్లనూ తన మీదుగా దాటిస్తుంది. ఖర్చు దానిదే. రెండువైపులా 1 ఎంబీపీఎస్ వీడియో నడిచే కాల్ గంటసేపు సాగితే రిలే బయటికి పంపాల్సింది 900 ఎంబీ. స్కైప్ 2003లో ఈ భారాన్ని తెలివిగా, నా దృష్టిలో అన్యాయంగా, పరిష్కరించింది: నేరుగా బయటి అడ్రస్ ఉన్న వినియోగదారుల కంప్యూటర్లనే సూపర్‌నోడ్‌లుగా మార్చి ఇతరుల పని చేయించింది. 2007 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ తర్వాత ఆ కంప్యూటర్లు పెద్ద సంఖ్యలో ఒకేసారి రీస్టార్ట్ కావడంతో స్కైప్ దాదాపు రెండు రోజులు కుప్పకూలింది. 2012లో సూపర్‌నోడ్‌లను మైక్రోసాఫ్ట్ తన సొంత సర్వర్లకు తరలించింది.

ఉన్న దారులన్నిటినీ వరుసగా పరీక్షించి పనిచేసిన వాటిలో మెరుగైనదాన్ని ఎంచుకునే పద్ధతి ఐస్. 2003లో తొలి ముసాయిదా, 2010 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5245. ఏడేళ్లు పట్టినా నిలిచే పని చేశారు. ఇంట్లోని అడ్రస్, స్టన్ చెప్పిన అడ్రస్, టర్న్ ఇచ్చిన అడ్రస్, మూడిటినీ అవతలికి పంపి జతలు జతలుగా తట్టి చూస్తుంది. గూగుల్ 2011లో బయటపెట్టి, 2021 జనవరిలో పూర్తి ప్రమాణమైన వెబ్‌ఆర్‌టీసీ దీన్ని ప్రతి బ్రౌజర్‌లోకీ తెచ్చింది. నేడు ఒక యాప్‌లో ఇద్దరి మధ్య కాల్ కలుస్తోందంటే దాని వెనుక ఐస్‌గానీ దానికి దగ్గరి బంధువుగానీ ఉంటుంది.

అయితే నేరుగా ఉన్న దారి ఎప్పుడూ మేలేనని అనుకోనక్కర్లేదు. కాల్ నేరుగా కలిస్తే అవతలివారికి మన ఐపీ అడ్రస్ తెలుస్తుంది, దాన్ని బట్టి ఊరు పోల్చుకోవచ్చు. అపరిచితులతో మాట్లాడాల్సిన విలేఖరులకు, వేధింపులు ఎదుర్కొంటున్న మహిళలకు ఇది చిన్న విషయం కాదు. అందుకే సిగ్నల్‌లో అన్ని కాల్స్‌నూ రిలే చేసే సెట్టింగ్ ఉంది, టెలిగ్రామ్‌లో ఎవరితో నేరుగా కలవాలో ఎంచుకోవచ్చు, వాట్సాప్ 2023లో కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచే వీలు ఇచ్చింది. ముగ్గురు నలుగురు దాటిన గ్రూప్ కాల్స్ ఎలాగూ సర్వర్ మీదుగానే పోతాయి, అక్కడ ఈ పేచీయే లేదు.

రెండో న్యాట్, ఇంటి కెమెరా

2011 ఫిబ్రవరి 3న ఐపీవీ4 అడ్రస్‌ల ప్రపంచ నిల్వ ఖాళీ అయింది, ఏప్రిల్‌లో ఆసియా పసిఫిక్ వాటా చివరి దిమ్మెకు వచ్చింది. అప్పటినుంచి నెట్ కంపెనీలు తమ దగ్గర ఇంకో న్యాట్ పెట్టి వందలాది ఇళ్లను ఒకే అడ్రస్ వెనుక చేర్చాయి. దీన్ని సీజీన్యాట్ అంటారు. మీ రౌటర్ పేజీలో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు దాని వెనుక ఉన్నట్టే. 2012లో ఆ శ్రేణిని ఇందుకోసమే కేటాయించారు. ఇక ఇంటి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం లేదు, యూపీఎన్‌పీ పనికిరాదు. తలుపు మన చేతుల్లో లేదు.

దీని దెబ్బ గట్టిగా తగిలింది సీసీ కెమెరాలకు. చాలా కెమెరాలు ఇప్పటికీ ఆర్‌టీఎస్‌పీతోనే వీడియో ఇస్తాయి. ఒకప్పుడు టెక్నీషియన్ పోర్ట్ తెరిచి పోయేవాడు, పాస్‌వర్డ్ మార్చకుండానే. అలా తెరిచి ఉన్న కెమెరాలనూ డీవీఆర్‌లనూ పోగేసుకున్న మిరాయ్ అనే మాల్‌వేర్ 2016 అక్టోబర్ 21న వెబ్‌సైట్ల పేర్లకు అడ్రస్‌లు చూపే డైన్ సంస్థ సర్వర్ల మీద పడి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను అందకుండా చేసింది. ఇప్పుడు పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, కెమెరా తయారీదారు సర్వర్ హోల్ పంచింగ్ చేసి వీడియో చూపిస్తుంది. విదేశాల్లో ఉండి ఊళ్లో అమ్మానాన్నల గుమ్మాన్ని కనిపెట్టుకుని ఉండే ఎందరో తెలుగువారికి ఇదే ఆధారం. సౌకర్యమే, కానీ ఆ సర్వర్ ఎవరిదో, ఏ దేశంలో ఉందో ఎవరూ అడగరు. 2021 ఆగస్టులో మాండియంట్ సంస్థ కలే అనే ఇలాంటి ఒక వేదికలో లోపం బయటపెట్టింది. పరికరం గుర్తింపు సంఖ్య తెలిస్తే ఇతరులు దాని కనెక్షన్‌ను చేజిక్కించుకోవచ్చు. ఆ వేదిక మీద 8 కోట్లకు పైగా పరికరాలు ఉన్నట్టు దాని తయారీదారే చెప్పుకుంది. మన పడకగదులూ ముంగిళ్లూ ఇంత బలహీనమైన తాళం వెనుక ఉండటం నన్ను నిజంగా కలవరపెడుతుంది.

అడ్రస్‌ల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 తో ఇదంతా పోతుందా? చాలావరకు. మన దేశం ఈ విషయంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. 2016లో వచ్చిన జియో మొదటి నుంచీ ఐపీవీ6 మీద నడవడం పెద్ద కారణం. ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఉంటుంది, పోర్ట్ మారదు. అయినా బయటి నుంచి అడగకుండా వచ్చేదాన్ని ఆపే ఫైర్‌వాల్ ఇంటి రౌటర్‌లో ఉంటుంది, ఉండాలి కూడా. కాబట్టి రెండువైపులా ఒకేసారి తట్టడం అప్పుడూ అవసరమే, కాకపోతే అది దాదాపు ప్రతిసారీ పనిచేస్తుంది. రిలే ఖర్చు తగ్గుతుంది.

మన దగ్గర యాప్‌లు రాస్తున్న చిన్న బృందాలకు నా విన్నపం. రెండు ఫోన్లనూ ఒకే ఆఫీసు వైఫై మీద పెట్టి కాల్ కలిసిందని సంతోషించకండి. అక్కడ లోపలి అడ్రస్‌లతోనే పని అయిపోతుంది, న్యాట్ ప్రస్తావనే రాదు. ఒకటి మొబైల్ డేటా మీద, ఇంకోటి కేబుల్ నెట్ మీద ఉంచి చూడండి. యూడీపీని మూసేసిన ఆఫీసుల కోసం 443 పోర్ట్ మీద టీఎల్‌ఎస్‌తో పనిచేసే టర్న్ సర్వర్‌ను మొదటి రోజు నుంచే పెట్టండి, దాని ఖర్చును లెక్కలో వేసుకోండి. సందేశం లోపల అడ్రస్ రాయాల్సి వస్తే అది నిజంగా అవసరమా అని ఒకసారి ఆగి ఆలోచించండి. ఇళ్లలో ఉన్నవారు రౌటర్‌లో యూపీఎన్‌పీ, సిప్ ఏఎల్‌జీ ఆపేసి, ఐపీవీ6 ఆన్ చేయండి. మీ కనెక్షన్‌లో అది లేకపోతే నెట్ ఆపరేటర్‌ను గట్టిగా అడగండి. కెమెరా కొనేముందు దాని వీడియో ఎవరి సర్వర్ మీదుగా వస్తుందో షాపువారిని అడిగి తెలుసుకోండి, చెప్పలేకపోతే ఆ కెమెరా కొనకండి.